ఎన్ని రోజులని రాయాలి?

ఫ్యాక్టరీల్లో ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ప్రతి పార్ట్ నంబరుకూ ఒక చిన్న గడి కనిపిస్తుంది. ఆ వస్తువు మన షాపులో తయారవడానికో, బయటినుంచి రావడానికో ఎన్ని రోజులు పడుతుందో అందులో రాయాలి. దాన్నే ప్లాన్డ్ లీడ్ టైమ్ అంటారు. స్టీలు ఎప్పుడు కొనాలి, ఏ జాబ్‌ని ఏ రోజు షాపులోకి వదలాలి, కస్టమర్‌కి ఏ తేదీ చెప్పాలి, నేల మీద ఎన్ని లక్షల సరుకు పడి ఉండాలి - ఇవన్నీ ఆ గడిలోని సంఖ్యను పట్టుకునే నడుస్తాయి.

అంత బరువు మోసే సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే మాత్రం సమాధానం దొరకదు. చాలాచోట్ల అది 7, 14, 21, 30 లాంటి గుండు సంఖ్య. సిస్టమ్ పెట్టిన ఏడాది కన్సల్టెంట్లు అడిగితే ఫోర్‌మన్ నోటి లెక్కన చెప్పి ఉంటాడు. ఎందుకైనా మంచిదని ప్లానింగ్ వాళ్లు దానికి నాలుగు రోజులు కలిపి ఉంటారు. ఆ తర్వాత ఎవరూ ముట్టుకుని ఉండరు.

ఈ సంఖ్యను ఎలా పెట్టాలన్న దాని మీద యాభై ఏళ్లుగా చర్చ నడుస్తోంది. స్థూలంగా అందులో రెండు పక్షాలున్నాయి. మొదటి పక్షం లెక్కన లీడ్ టైమ్ వాస్తవంగా జరిగేది, కాబట్టి దాన్ని కొలిచి సగటో, సగటు కంటే కాస్త ఎక్కువో రాసుకుంటే చాలు. రెండో పక్షం దృష్టిలో అది కొలిచి తెలుసుకునేది కాదు, నిర్ణయించి నిలబెట్టుకునేది. నేను రెండో పక్షం మనిషిని. అయితే మొదటి పక్షం చెప్పేదాంట్లో కొట్టిపారేయలేని భాగం ఒకటుంది. దాని సంగతి తర్వాత.

ముందు ఈ గడి ఎందుకు పుట్టిందో చూడాలి. 1960ల మొదట్లో అమెరికాలో జె.ఐ.కేస్ అనే ట్రాక్టర్ల కంపెనీలో జోసెఫ్ ఓర్లికీ కంప్యూటర్ మీద సామగ్రి లెక్కలు వేయించారు. ఆయన 1975లో రాసిన పుస్తకం ఈ పద్ధతికి, అంటే ఎంఆర్‌పీకి, ఆధార గ్రంథమైంది. లెక్క సులువే. గేర్‌బాక్స్ నెలాఖరుకి కావాలి, అసెంబ్లీకి అయిదు రోజులు పడుతుంది, కాబట్టి గేర్లు 25వ తేదీకి ఉండాలి. గేరుకి ఇరవై రోజులు, కాబట్టి ఫోర్జింగ్ 5వ తేదీకి చేతిలో ఉండాలి. ఇలా తేదీలు వెనక్కి నడిపిస్తూ పోవడమే.

చిక్కు ఒక్కచోటే ఉంది. గేరుకి నిజంగా ఎన్ని రోజులు పడుతుందన్నది ఆ సమయానికి షాపులో ఎంత పని ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. షాపులో ఎంత పని ఉంటుందో తెలియాలంటే ప్లాన్ వెయ్యాలి. ప్లాన్ వెయ్యాలంటే గేరుకి ఎన్ని రోజులో ముందే తెలియాలి. ఈ ముడిని విప్పే ఓపిక ఆనాటి కంప్యూటర్లకు లేదు. అందుకే రోజులు స్థిరమని అనుకుని ముందుకు వెళ్లారు. షాపు ఖాళీగా ఉన్నా ఇరవై రోజులే, నిండిపోయినా ఇరవై రోజులే. పైగా తొలినాటి సిస్టముల్లో లెక్క వారాల చొప్పున సాగేది. ఎనిమిది అంచెలున్న వస్తువుకి అంచెకో వారం తప్పనిసరి. అంటే మొత్తం పని రెండు రోజులదైనా కాగితం మీద రెండు నెలలు. కంప్యూటర్లు ఇప్పుడు లక్షల రెట్లు వేగం పెంచుకున్నా, పెద్ద ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్లలో ఈ మూల అంచనా అలాగే ఉంది. బ్యాచ్ సైజును బట్టి, సెట్టింగ్ సమయాన్ని బట్టి రోజులు లెక్కగట్టే సదుపాయం ఉంది గానీ, క్యూలో నిలబడే రోజులు అందులోనూ చేత్తో రాయాల్సినవే. అసలు కథంతా ఆ క్యూలోనే ఉంది.

ఒక షాఫ్టుని దగ్గరగా చూద్దాం. నలభై షాఫ్టుల బ్యాచ్ అనుకోండి. లేత్ మీద సెట్టింగ్ ఒక గంట, పీసుకి తొమ్మిది నిమిషాలు, కలిపి ఏడు గంటలు. గేర్ హాబింగ్‌కి, అంటే పళ్లు కోయడానికి, సెట్టింగ్ గంటన్నర, పీసుకి పన్నెండు నిమిషాలు, కలిపి తొమ్మిదిన్నర గంటలు. హీట్ ట్రీట్‌మెంట్‌కి బయటికి పంపాలి, రానూపోనూ మూడు రోజులు. తర్వాత గ్రైండింగ్ అయిదు గంటలు, ఇన్‌స్పెక్షన్ రెండు గంటలు. మన షాపులో మెషిన్ల మీద ఈ బ్యాచ్ ఉండేది ఇరవై మూడున్నర గంటలు. రెండు షిఫ్టుల చొప్పున ఒకటిన్నర రోజు. బయటి మూడు రోజులు కలిపినా అయిదు రోజులు దాటదు. కానీ ఇలాంటి షాఫ్టు జాబ్ కార్డు మీద ఇరవై ఎనిమిది రోజులు రాసి ఉంటే షాపులో ఎవరూ ఆశ్చర్యపోరు. నిజంగానే అన్ని రోజులు పడుతున్నాయి కూడా. మిగిలిన ఇరవై మూడు రోజులూ ఆ నలభై షాఫ్టులు ట్రేలో పడి, ఏదో ఒక మెషిన్ ముందు తమ వంతు కోసం చూస్తుంటాయి.

ఆ ఎదురుచూపు ఎందుకంత పొడుగో 1961లోనే ఇద్దరు చెప్పారు. బ్రిటన్ గణితవేత్త జాన్ కింగ్‌మన్ చూపించిందాని సారాంశం ఇది: క్యూలో గడిచే సమయం మూడింటి గుణకారం. పని రాకలోనూ పని జరగడంలోనూ ఉన్న ఒడిదుడుకులు ఒకటి, మెషిన్ ఎంత నిండుగా ఉందన్నది రెండు, సగటు జాబ్‌కి పట్టే సమయం మూడు. ఇందులో చుక్కలు చూపించేది రెండోది. ఒడిదుడుకులు ఒక మోస్తరుగా ఉన్నాయనుకుంటే, మెషిన్ 80 శాతం నిండి ఉన్నప్పుడు సగటు ఎదురుచూపు జాబ్ సమయానికి నాలుగు రెట్లు. 90 శాతానికి తొమ్మిది రెట్లు. 95కి పంతొమ్మిది రెట్లు. మన హాబింగ్ మెషిన్ మీద సగటు జాబ్ పది గంటలదైతే, రెండు షిఫ్టుల లెక్కన మొదటి సందర్భంలో రెండున్నర రోజులు ఆగుతుంది, చివరి సందర్భంలో పన్నెండు రోజులు. మధ్యలో పెరిగిన పని పదిహేను పాళ్లే. మెషిన్ ఒక్క గంట ఖాళీగా ఉన్నా నష్టమని లెక్కలేసే యాజమాన్యాలు ఈ రెండు వాక్యాలను ఎందుకు చదవవో నాకు అంతుబట్టదు.

రెండో మనిషి జాన్ లిటిల్, తర్వాత ఎంఐటీ ప్రొఫెసర్ అయ్యారు. ఆయన నిరూపించిన సూత్రం వినడానికి ఇంత సింపులా అనిపిస్తుంది. లోపల ఉన్న జాబులను రోజుకి పూర్తయ్యే జాబులతో భాగిస్తే సగటున ఒక్కో జాబ్ లోపల ఎన్ని రోజులుంటుందో వస్తుంది. షాపులో 240 జాబులున్నాయి, రోజుకి 12 బయటికి వెళ్తున్నాయంటే లీడ్ టైమ్ ఇరవై రోజులు. షాపు నిలకడగా నడుస్తున్నంతవరకూ దీనికి మినహాయింపు లేదు, ఎవరి ప్రతిభతోనూ నిమిత్తం లేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని గడిలోని సంఖ్యను మార్చి చూడండి. ఇరవై రోజుల బదులు ముప్పై రాశామనుకుందాం. సిస్టమ్ ఏం చేస్తుంది? అదే డెలివరీ తేదీలకు పనిని పది రోజులు ముందే వదలమంటుంది. అంటే పది రోజుల పని, 120 జాబులు, ఒక్కసారిగా షాపులోకి వచ్చి పడతాయి. లోపల 360 అవుతాయి. రోజుకి పూర్తయ్యేవి ఆ పన్నెండే. 360 ని 12తో భాగిస్తే ముప్పై. చూశారా, ముప్పై రోజులు పడుతుందని మేం ముందే చెప్పాం అంటారు ప్లానింగ్ వాళ్లు. ఇప్పుడు ఇరవైని పదికి దించి చూడండి. సిస్టమ్ ఓ పది రోజులపాటు కొత్త జాబులు వదలడం ఆపేస్తుంది. షాపు పాత పనిని లాగించి 120 జాబులకు వస్తుంది. ఆ క్షణంనుంచి లీడ్ టైమ్ పది. అదీ నిజమే అయింది. ఇరవై అన్నా, ముప్పై అన్నా, పది అన్నా ఆ సంఖ్య తన సాక్ష్యాన్ని తానే పుట్టించుకుంటుంది. అందుకే గత ఏడాది సగటు తీసి గడిలో రాయడం నాకు అర్థం లేని పనిగా కనిపిస్తుంది. గత ఏడాది మనం రాసిన సంఖ్యనే మళ్లీ కొలిచి రాసుకుంటున్నామన్నమాట.

కిందికి దించడానికి హద్దు లేకపోలేదు. షాపు మొత్తం వేగాన్ని నిర్ణయించే ఇరుకు మెషిన్ ముందు పని ఖాళీ అయ్యేంతగా తగ్గిస్తే రోజుకి పన్నెండు కాస్తా పదో, తొమ్మిదో అవుతుంది. ఆ హద్దు ఎక్కడుందో ఒక్కో షాపులో ఒక్కోలా ఉంటుంది.

రోజులు పైకి పోవడం మాత్రం ఊహల్లో లెక్క కాదు. 1970ల చివర్లో హాల్ మేథర్, జార్జ్ ప్లాసెల్ దీనికి లీడ్ టైమ్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. సరుకు ఆలస్యమవుతోంది కాబట్టి రోజులు పెంచుతారు. పెంచినందువల్ల ముందుగా, ఎక్కువగా ఆర్డర్లు వదులుతారు. క్యూ పెరుగుతుంది, ఇంకా ఆలస్యమవుతుంది, మళ్లీ పెంచుతారు. ట్రేల మీద ‘అర్జెంట్’ ఎర్ర ట్యాగులు మొదలవుతాయి. సగం ట్రేల మీద ఎర్ర ట్యాగులుంటే ఇక ఏదీ అర్జెంట్ కాదు.

కంపెనీల మధ్య ఇదే జబ్బు చేస్తే నష్టం కోట్లలో ఉంటుంది. 2000లో నెట్‌వర్క్ పరికరాల విడిభాగాలు దొరక్క, ఒక్క అవసరానికి రెండు మూడు చోట్ల ఆర్డర్లు పెట్టుకున్నారు. గిరాకీ పడిపోయేసరికి 2001 మేలో సిస్కో దాదాపు 2.2 బిలియన్ డాలర్ల విలువైన సరుకును నష్టంగా రాసుకోవాల్సి వచ్చింది. 2021, 2022లో సెమీకండక్టర్ చిప్‌ల విషయంలో జరిగిందీ ఆ దారిలోదే. సగటు లీడ్ టైమ్ 2022 తొలి సగంలో 26 వారాలు దాటింది. ఆరు నెలల తర్వాతగానీ రాదంటే ఎవరైనా ఏం చేస్తారు? ఏడాదికి సరిపడా ఆర్డర్ పెడతారు. మరుసటి ఏడాదికి ఫోన్లు, కంప్యూటర్ల చిప్‌లు గోడౌన్లలో పేరుకుపోయాయి.

ఇలాంటప్పుడు ఈ కాలపు మేధావులిచ్చే సలహా ఒకటుంది: సంఖ్యను ఎప్పటికప్పుడు, వీలైతే రోజూ, తాజా డేటాతో మారుస్తూ ఉండండి. వినసొంపుగానే ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ పరిశోధకులు సెల్చుక్, ఫ్రాన్సూ, డి కాక్ 2006లో ఈ విషయాన్నే పరిశీలించారు. తరచూ మార్చేకొద్దీ ప్లాన్‌లో ఊగిసలాట పెరిగి ఫలితం దెబ్బతింటుందని తేల్చారు. ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ పేరుతో అమ్ముతున్న లీడ్ టైమ్ అంచనాలకూ నేను ఈ హెచ్చరికే వర్తింపజేస్తాను. నిన్న వదిలిన జాబ్ ఏ రోజు వస్తుందో కస్టమర్‌కి చెప్పడానికి అవి బాగా పనికొస్తాయి. రేపు ఎంత పని వదలాలో నిర్ణయించే గడిలోకి మాత్రం వాటిని నేరుగా ఎక్కించకూడదు.

ఇంతవరకూ చదివినవారికి లీడ్ టైమ్ ఎంత తక్కువైతే అంత మంచిదనిపించవచ్చు. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాజన్ సూరి వాదన దాదాపు అదే. క్విక్ రెస్పాన్స్ మాన్యుఫాక్చరింగ్ పేరుతో 1998లో పుస్తకం రాసిన ఆయన, కంపెనీ మొత్తాన్ని లీడ్ టైమ్ తగ్గింపు అనే ఒక్క కొలమానం చుట్టూ తిప్పాలంటారు. దిశగా నాకు అభ్యంతరం లేదు. కానీ పొడుగాటి లీడ్ టైమ్‌కి ఒక ప్రయోజనం ఉంది. దాన్ని పక్కాగా లెక్కగట్టి చూపినవారు ఎంఐటీకే చెందిన స్టీఫెన్ గ్రేవ్స్. ఈ సాహిత్యం మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన భాగం ఇదే, కాస్త ఆగి చూద్దాం.

పని రోజూ సమానంగా రాదు. ఇవాళ ఇరవై గంటల పని వస్తుంది, రేపు రెండు గంటల పని. వచ్చిన పనిని ఆ రోజే చేసి పంపాలంటే ఎక్కువ వచ్చిన రోజున ఓవర్‌టైమ్, రాని రోజున మనుషులు ఖాళీ. అదే అయిదు రోజుల లీడ్ టైమ్ పెట్టుకుంటే, ముందున్న పనిలో రోజుకి అయిదో వంతు చేసుకుంటూ పోవచ్చు. గ్రేవ్స్ 1986 నాటి నమూనా సారం ఇదే. వచ్చే పని ఏ రోజుకారోజు విడిగా ఎగుడుదిగుడుగా ఉంటుందనుకుంటే, అయిదు రోజుల లీడ్ టైమ్‌తో షాపు మీద పడే ఎగుడుదిగుడు మూడో వంతుకి తగ్గుతుంది. పదమూడు రోజులు పెడితే అయిదో వంతుకి. ఇరవై అయిదు రోజులు పెడితే ఏడో వంతుకి.

మొదటి అయిదు రోజులూ మూడింట రెండు వంతుల ఒత్తిడి తీసేశాయి. తర్వాతి ఎనిమిది రోజులు తెచ్చిన లాభం అందులో పిసరంత. ఆ తర్వాతి పన్నెండు రోజులు తెచ్చింది ఇంకా తక్కువ. షాపులో నిలిచిన సరుకు మాత్రం ప్రతి రోజుకీ ఒకేలా పెరుగుతూ పోతుంది. కాబట్టి ప్రశ్న “ఎన్ని రోజులు పడుతుంది?” అన్నది కాదు. “ఈ మెషిన్ దగ్గర ఎగుడుదిగుడుని ఎంత మింగదలుచుకున్నాం, దానికి ఎంత సరుకు ఆపుకోవడానికి సిద్ధం?” అన్నది. అదనపు మనుషుల్ని, మెషిన్లను తేలిగ్గా తెచ్చుకోగలిగిన చోట రోజులు తక్కువ పెట్టాలి. ఒకే ఒక్క ఖరీదైన గ్రైండింగ్ మెషిన్ ఉన్నచోట కాస్త ఎక్కువ పెట్టాలి. అన్నిటికీ ఇరవై అని రాసేసిన ఫ్యాక్టరీ ఈ ఆలోచన ఒక్కసారి కూడా చెయ్యలేదని అర్థం.

ఇక మొదటి పక్షం వారి సంగతి. బయటినుంచి వచ్చే సరుకు విషయంలో మన చేతిలో ఉండేది తక్కువ. సప్లయర్ షాపులోకి ఎంత పని వదలాలో మనం నిర్ణయించలేం. అక్కడ కొలవడం, సంభావ్యత లెక్కలు వెయ్యడం తప్పనిసరి. వైబార్క్, విలియమ్స్ 1976లోనే ఒక చక్కటి విభజన చేశారు. సరుకు ఎప్పుడొస్తుందో తెలియకపోతే రోజుల్లో ముందు జాగ్రత్త పెట్టాలి. ఎంత వస్తుందో తెలియకపోతే, అంటే రిజెక్షన్లూ కొరతలూ ఉంటే, స్టాకులో పెట్టాలి. రెంటినీ కలిపేసి “ఓ పది రోజులు ఎక్కువ రాయండి” అనడం మన దగ్గర ఇప్పటికీ మామూలే.

ఆ ముందు జాగ్రత్త ఎంత ఉండాలన్నది ఒక రోజు ముందొస్తే అయ్యే ఖర్చుకీ, ఒక రోజు ఆలస్యమైతే అయ్యే ఖర్చుకీ మధ్య బేరం. రెండు లక్షల రూపాయల షాఫ్టు అసెంబ్లీ ఒక రోజు ముందే వచ్చి కూర్చుంటే, ఏడాదికి పదిహేను శాతం చొప్పున ఖర్చు 82 రూపాయలు. నాలుగు వందల రూపాయల మూత ఒక రోజు ముందొస్తే పదహారు పైసలు. పది రోజులు ముందే తెచ్చిపెట్టుకున్నా రెండు రూపాయలు కాదు. కానీ ఆ మూత లేకపోతే గేర్‌బాక్స్ కదలదు. పది రకాల భాగాలు కలిస్తేగానీ అసెంబ్లీ మొదలుకాదనుకోండి. ఒక్కొక్కటీ వందకి 95 సార్లు వేళకి వస్తున్నా, పదీ కలిసి వేళకి ఉండేది వందకి అరవై సార్లే. ఒక్కో సప్లయర్ రిపోర్టులో 95 శాతం చూసి మురిసిపోయే పర్చేజ్ మేనేజర్‌కీ, రోజు విడిచి రోజు ఏదో ఒకటి లేదని గోల పెట్టే అసెంబ్లీ ఇన్‌ఛార్జికీ ఎందుకు పడదో ఈ లెక్క చెబుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చవక వస్తువులకు ధారాళంగా రోజులివ్వాలి, ఖరీదైనదాన్ని బిగించాలి. చాలా ఫ్యాక్టరీల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఖరీదైన వస్తువు మీద అందరికీ భయం, అందుకే దానికే ఎక్కువ రోజులు.

అంచెలంచెలుగా సాగే పనిలో జాగ్రత్తను ఎక్కడ పెట్టాలన్నది మరో చిక్కు. క్యాండేస్ యానో 1987లో వరుస అంచెల మీద చేసిన పని దీని గురించే. ఆ గణితం జోలికి పోకుండా ఒక ఉజ్జాయింపు చెబుతాను. అయిదు అంచెలు, ప్రతిదాంట్లో రెండు రోజుల అటూఇటూ. ఎవరికి వారు తమ అంచెలో దానికి రెట్టింపు, నాలుగు రోజులు, దాచుకుంటే మొత్తం ఇరవై రోజులు. అదే భద్రతను చివర్లో ఒక్కచోట ఉమ్మడిగా పెట్టుకుంటే తొమ్మిది రోజులు చాలు, ఎందుకంటే అయిదు అంచెలూ ఒకేసారి మొరాయించడం అరుదు. మిగిలిన పదకొండు రోజులు ఒకరినొకరు నమ్మనందుకు కట్టే జరిమానా.

బ్యాచ్ సైజు గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఉదయ్ కర్మార్కర్ 1987లో చూపించినట్టు, బ్యాచ్ మరీ చిన్నదైతే సెట్టింగులే మెషిన్‌ని తినేసి క్యూ పెరుగుతుంది. మరీ పెద్దదైతే ఒక్కో జాబ్ గంటలు గంటలు మెషిన్ పట్టుకుని వెనకవాళ్లను ఆపుతుంది. మధ్యలో ఎక్కడో మేలైన చోటు ఉంటుంది. టొయోటాలో సెట్టింగ్ సమయం మీద అన్నేళ్లు ఎందుకు పోరాడారో ఇక్కడ తేటపడుతుంది. సెట్టింగ్ తగ్గితే ఆ మేలైన చోటు చిన్న బ్యాచ్‌ల వైపు జరుగుతుంది.

రాసిన సంఖ్యను నిలబెట్టుకోవడం ఎలా అన్నదే కష్టమైన భాగం. జర్మనీలోని హానోవర్‌లో వీన్‌డాల్, బెష్టె 1980లలో షాపుని ఒక గరాటుగా చూశారు. బయటికి ఎంత కారుతోందో చూసుకునే పైన పొయ్యాలి, గరాటులో మట్టం ఒక గీత దాటకూడదు. ఐండ్‌హోవెన్‌లో బెర్ట్రాండ్, అమెరికాలో కాన్‌విప్ పేరుతో స్పియర్‌మన్, వుడ్రఫ్, హాప్ చెప్పింది కూడా ఇంతే: ఒకటి బయటికి వెళ్తేనే ఒకటి లోపలికి. టొయోటా వారి కాన్‌బాన్ అనే కార్డుల పద్ధతి దీన్నే ప్రతి అంచెలోనూ చేస్తుంది. దీనిమీద ఒక విమర్శ ఉంది. షాపులో ఆగే బదులు జాబ్ కార్డు ప్లానింగ్ ఆఫీసులో ఆగుతుంది, కస్టమర్‌కి తేడా ఏమిటి? విమర్శలో న్యాయం ఉంది. కానీ కార్డుగా ఆగిన జాబ్‌కి స్టీలు కొయ్యలేదు, డబ్బు పడలేదు, డ్రాయింగ్ మారితే స్క్రాప్ అవదు, కస్టమర్ వద్దంటే చింపెయ్యొచ్చు. ట్రేలో ఆగిన షాఫ్టుతో ఇవేవీ కుదరవు.

పరిశోధకుల్లో మరో పాయ, స్థిరమైన రోజుల్నే వదిలేసి పని ఒత్తిడిని బట్టి మారే లీడ్ టైమ్‌ని గణితంలోకి తేవాలని ప్రయత్నిస్తోంది. ఎంత పని లోపలుంటే ఎంత బయటికొస్తుందో చెప్పే వక్రరేఖను ప్లాన్‌లో చొప్పించడం వీరి మార్గం. మిస్‌బావర్, ఉజ్‌సాయ్ 2020లో తెచ్చిన గ్రంథం ఈ ధారను సమగ్రంగా చెబుతుంది. అంతకుముందు 1996లో హంగ్, లీచ్‌మన్ సెమీకండక్టర్ ఫ్యాక్టరీలకు వేరే దారి చూపారు. ప్లాన్ వెయ్యి, సిమ్యులేషన్ నడిపి లీడ్ టైమ్ చూడు, దాంతో మళ్లీ ప్లాన్ వెయ్యి, రెండూ కలిసేదాకా తిప్పు. అవి కచ్చితంగా కలుస్తాయన్న భరోసా లేదు. చిప్‌ల ఫ్యాక్టరీ లాంటిచోట ఈ శ్రమకు ఫలితం ఉండవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో ఇరవై మెషిన్లున్న యూనిట్‌కి ఇది అక్కర్లేని బరువు.

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిల్లోని చిన్న యూనిట్లు ఈ ఆటలో ఎప్పుడూ కింది అంచెలో ఉంటాయి. పెద్ద కంపెనీ పర్చేజ్ నుంచి ఫోన్ వస్తుంది. “ఎప్పటికిస్తారండీ?” “సోమవారం పంపించేస్తాం సార్.” ఏ సోమవారమో ఇద్దరూ అనుకోరు. యూనిట్ వాళ్లు పదిహేను రోజులంటే కంపెనీ సిస్టమ్‌లో ఇరవై అయిదు రాస్తారు. పది రోజులు మిగులుందని యూనిట్ వాళ్లకూ తెలుసు కాబట్టి, తొందరపెట్టే వేరేవాళ్ల జాబ్ ముందు ఎక్కిస్తారు. ఇరవై అయిదు కాస్తా ఇరవై ఎనిమిది అవుతుంది. దీనికి తోడు చెడ్డకాలపు జ్ఞాపకాలు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టారు. అలాంటి రోజుల్లో లీడ్ టైమ్ పెంచడం న్యాయమే. కరెంటు కుదుటపడ్డాక ఆ గడి తెరిచి తగ్గించేది ఎవరు? పెంచనివాడిని ఆలస్యమైతే తిడతారు. తగ్గించినవాడిని ఎవరూ మెచ్చుకోరు.

అన్ని రోజులూ క్యూ రోజులు కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజెక్షన్లు తయారుచేసే ఫార్మా యూనిట్లలో స్టెరిలిటీ పరీక్షకి సంప్రదాయ పద్ధతిలో పద్నాలుగు రోజులు శాంపిళ్లను ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. ఏ మేనేజర్ అరిచినా సూక్ష్మజీవులు తొందరపడవు. పద్నాలుగో రోజు తర్వాత బ్యాచ్ రికార్డు సంతకాల కోసం ఆగే రోజులు మాత్రం క్యూయే. గడిలో 24 అని ఉంటే ఏ రోజులు ఏవో విడదీసి రాయకపోతే, తగ్గించడానికి వీలైన పది రోజులు వీలుకాని పద్నాలుగు వెనక దాక్కుంటాయి.

ఒక చిన్న సంగతి, కానీ నష్టం పెద్దది. శాప్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో బయటినుంచి కొనే సరుకుకి రోజులు క్యాలెండర్ రోజులు. లోపల తయారీకి రాసేవి పని దినాలు. నెల పడుతుందని రెండుచోట్లా 30 రాస్తే, వారానికి ఆరు రోజులు నడిచే ఫ్యాక్టరీలో లోపలి 30 అయిదు వారాలవుతుంది. ఇంత పెద్ద సిద్ధాంత చర్చ కంటే ముందు ఈ గడుల్ని ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ప్లానింగ్ చూసే పాఠకులకు నా సూచన: అన్ని పార్ట్ నంబర్లనూ ఒకేసారి సంస్కరించబోకండి. మీ ఇరుకు మెషిన్ మీదుగా వెళ్లే ఓ ఇరవై పార్టులు తీసుకోండి. గడిలోని ప్రతి సంఖ్యనూ మూడు ముక్కలు చెయ్యండి: పని ఎంత, క్యూ ఎంత, ముందు జాగ్రత్త ఎంత. క్యూ ముక్కను తగ్గించే ముందు, ఆ మెషిన్‌కి ఎంత పని వదలాలో రోజూ చూసి అవసరమైతే ఆపే అధికారం ఒక మనిషికి రాతపూర్వకంగా ఇవ్వండి. సేల్స్ వాళ్లూ షాపు వాళ్లూ పర్చేజ్ వాళ్లూ ఆరు నెలలకోసారి ఒకేచోట కూర్చుని ఆ ఇరవై సంఖ్యల్నీ సమీక్షించండి. మధ్యలో ఎవరడిగినా మార్చకండి.